పీత నోరు చేరని చోట

అబూ దాబీ నగరం దాటి పడమరగా, సౌదీ సరిహద్దు దిక్కుగా తీరం వెంట వెళ్తే సముద్రం ఎక్కడ ముగిసిందో, ఎడారి ఎక్కడ మొదలైందో తేల్చి చెప్పడం కష్టం. నేల అంత చదునుగా ఉంటుంది. పాటు వేళ నీరు వెనక్కి తీస్తే వందల మీటర్ల మేర బురద మైదానం బయటపడుతుంది. దాని మీద, మెట్టకు దగ్గరి అంచున, నల్లటి పొర ఒకటి పరుచుకుని కనిపిస్తుంది. తడిగా ఉన్న చోట కాలు మెత్తగా దిగుతుంది. ఎండిన చోట పొర బీటలు వారి, నూనెలో వేసిన అప్పడంలా అంచులు పైకి లేస్తాయి. చాకుతో ఒక ముక్క కోసి తిప్పి చూస్తే పైన ముదురు గోధుమ రంగు, దాని కింద పచ్చ, ఆ కింద ఊదా, అడుగున కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నలుపు. ఇదంతా ప్రాణమున్న పదార్థం. మందం కొద్ది సెంటీమీటర్లే.

1960ల తొలినాళ్లలో లండన్ ఇంపీరియల్ కాలేజీ భూగర్భ శాస్త్రవేత్తలు ఈ తీరానికి వచ్చేనాటికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే దేశం ఇంకా పుట్టలేదు. అది 1971 నాటి మాట. అప్పట్లో దీన్ని ట్రూషియల్ కోస్ట్ అనేవారు. డగ్లస్ షియర్‌మన్, గ్రాహం ఎవాన్స్, వారి సహచరులు సబ్ఖాలనే ఇక్కడి చౌడు మైదానాలను తవ్వి చూశారు. పాత రాళ్లలో తప్ప కొత్త మట్టిలో ఎవరూ చూడని అన్‌హైడ్రైట్ ఖనిజం అక్కడ ఇప్పటికీ తయారవుతోంది. 1963లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ కబురు చమురు కంపెనీలను ఆకట్టుకుంది, ఎందుకంటే గల్ఫ్ చమురు భూమిలోంచి పైకి జారిపోకుండా మూతవేసి ఉంచిన పొరల్లో అన్‌హైడ్రైట్ ముఖ్యమైనది. ఆ సందడిలో నల్ల పొర వెనకబడింది. 1968లో క్రిస్టఫర్ కెండల్, పాట్రిక్ స్కిప్‌విత్ దాని సంగతి తీశారు. ఖోర్ అల్ బజం అనే లాగూన్ ఒడ్డున దాన్ని పరిశీలించి, నీటి వైపు నుంచి మెట్ట వైపుకి నాలుగు పట్టీలుగా విడగొట్టారు: ముందు గరుకు బుడిపెల పట్టీ, తరవాత బీటల పట్టీ, ఆపైన ముడతల పట్టీ, చివర చదును పట్టీ.

ఈ పట్టీలన్నిటినీ చాపలా అల్లింది సయనోబాక్టీరియా. నీటిలో హాయిగా బతకగల జీవులివి. ఎండా, ఉప్పూ వాటికి సరదా ఏమీ కాదు. అయినా నీరు ఎప్పుడూ నిలిచి ఉండే లోతుకు చాప దిగదు, ఒక గీత దగ్గర ఆగిపోతుంది. ఇంకో వైపు నుంచి చూస్తే ప్రశ్న మరీ చిత్రంగా ఉంటుంది. ఇంత తిండి ఆరుబయట కిలోమీటర్ల పొడవున పరిచి ఉంటే తినేవాళ్లు ఎందుకు రాలేదు?

సయనోబాక్టీరియాకు పాత పేరు నీలి ఆకుపచ్చ నాచు. దాని గురించి వరి రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మడిలో గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించేది అదే. అజొల్లా ఆకుల సందుల్లో కాపురం ఉండేదీ ఆ వంశమే. పేరులో నాచు ఉన్నా ఇది బాక్టీరియా. ఎండను పట్టి, నీటిని విడగొట్టి, ఆక్సిజన్‌ను బయటికి వదలడం నేర్చిన మొదటి జీవి ఇదే. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి వాతావరణంలో ఆక్సిజన్ చేరడం మొదలైంది దీని పుణ్యాన. అంతకు ముందూ, ఆ తరవాత చాలా కాలమూ లోతు తక్కువ సముద్రాల అడుగు దీని సొంతం. పొర మీద పొర, మధ్యలో మట్టి, మళ్లీ పొర. అలా పేరుకుని రాయిగా మారినవే స్ట్రొమటోలైట్లు. వాటి కోసం ఆస్ట్రేలియా దాకా వెళ్లక్కర్లేదు. కడప జిల్లా వేంపల్లె పేరు పెట్టుకున్న డోలమైట్ రాళ్లలో సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. బతుకుతెరువుకు గల్ఫ్ విమానం ఎక్కే కడప మనిషి కాళ్ల కింద ఉన్నదీ, దిగిన చోట తీరాన ఉన్నదీ ఒకే రకం కట్టడం అన్నమాట. ఒకటి రాయి అయిపోయింది, ఇంకొకటి ఇంకా తడి ఆరలేదు.

మరి ఆ వైభవం ఏమైంది? 1970లో పీటర్ గ్యారెట్ బహామా దీవుల తీరాన్ని చూసి సైన్స్ పత్రికలో ఒక జవాబు రాశాడు. చాపలు పెరగలేక కాదు, పెరగనివ్వక పోయాయి. నాచును గీరి తినే జంతువులు, బురదను తవ్వే జంతువులు వచ్చాక సయనోబాక్టీరియాకు ఆ జంతువులు చేరలేని చోట్లు మాత్రమే మిగిలాయి. మరుసటి ఏడాదే స్టాన్లీ ఆరామిక్ పాత రాళ్ల వైపు నుంచి అదే దారికి వచ్చాడు. జంతువులు పుట్టుకొచ్చే కాలానికి స్ట్రొమటోలైట్ల వైవిధ్యం తగ్గుతూ వచ్చిందని చూపించాడు. రసాయన కారణాలు కూడా ఉన్నాయని తరవాతి వాళ్లు వాదించారు, ఆ వాదన తెగలేదు. కానీ గల్ఫ్ ఒడ్డున నిలబడి చూసేవాడికి గ్యారెట్ మాటే కంటికి ఆనుతుంది.

ఇక్కడ తినేవాళ్లలో నత్తలది పెద్ద వాటా, అది ఒప్పుకోవాలి. శంఖు ఆకారపు సన్నటి నత్తలు లాగూన్ బురద మీద గుంపులు గుంపులుగా తిరుగుతాయి. కానీ ఈ అధ్యాయం క్రస్టేషియన్లది: పీత, రొయ్య, వాటి చిన్నా చితకా బంధువులైన కోపిపాడ్లు, ఐసోపాడ్లు, ఉప్పు రొయ్యలు. వీటికీ సయనోబాక్టీరియాకూ మధ్య ఉన్న లావాదేవీల్లో తిండి ఉంది, విషం ఉంది, అద్దె లేని ఇల్లు ఉంది, ఒకచోట సేద్యం కూడా ఉంది. ఏది ఎక్కడ నడుస్తుందన్నది మాత్రం ప్రతిసారీ ఒక్క దాని మీదే ఆధారపడుతుంది: నోరు ఎంతవరకు చేరగలదు?

తీరం మీద నోటిని ఆపేది ఉప్పు. మామూలు సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అరేబియన్ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లు, వాన దాదాపు లేదు, ఎండకు ఏటా మీటరుకు పైగా నీరు ఆవిరవుతుంది. అందువల్ల మామూలుగానే ఉప్పు 40 దగ్గర ఉంటుంది, అబూ దాబీ లాగూన్లలో 50 దాటి పోతుంది. పోటు నీరు చదును మీదికి పాకి, అక్కడ ఎండకు మరుగుతూ నిలిచిపోతే ఇంకా ఎక్కువ. పీతలు కొంత తట్టుకుంటాయి. బొరియ తవ్వుకుని తేమలో కూచుని, పాటు వేళ బయటికొచ్చి బురద పైపొరను గోళ్లతో గీరి నోట్లో పెట్టుకుంటాయి, పనికొచ్చింది మింగి మిగతాది ఉండలు చేసి పడేస్తాయి. ఒక పీత ఒక రోజులో చేసే నష్టం కొంచెమే. కానీ చాప నిలవాలంటే నెలల తరబడి కదలకుండా అల్లుకోవాలి, అంత వ్యవధి పీతలున్న చోట దొరకదు. గోళ్లు గీరిన చోటల్లా అల్లిక తెగుతుంది, బొరియ తవ్విన చోటల్లా గాలి లోపలికి దూరి అడుగు పొరలు కుళ్లిపోతాయి. ఉప్పు, వేడి, ఎండుదల కలిసి పీతను వెనక్కి నెట్టిన మేర మాత్రమే నల్ల చాప.

ఈ లెక్కను పరీక్షించాలంటే ఒక తీరంలోని పీతలన్నిటినీ తీసేసి చూడాలి. అలాంటి ప్రయోగానికి ఏ శాస్త్రవేత్తా సాహసించడు. 1991లో యుద్ధం ఆ పని చేసింది. కువైట్ నుంచి గల్ఫ్‌లోకి వదిలిన ముడి చమురు సౌదీ అరేబియా తీరాన్ని వందల కిలోమీటర్ల మేర, జుబైల్ ప్రాంతం దాకా పూసేసింది. పీతల బొరియలే చమురుకు దారులయ్యాయి. పైన ఆగాల్సింది ఆ గొట్టాల వెంట బురద లోతుల్లోకి దిగిపోయింది. పీతలు చచ్చాయి, నత్తలు చచ్చాయి. కొన్నాళ్లకే ఆ జిడ్డు నేల మీద సయనోబాక్టీరియా చాపలు మొలిచాయి, అంతకు ముందు కనిపించని చోట్ల కూడా. 1992లో కువైట్ పరిశోధకులు నేచర్‌లో దీన్ని శుభవార్తగా రాశారు. చాపల జిగురులో చమురును తినే బాక్టీరియా చిక్కుకుని ఉంది కాబట్టి గల్ఫ్ తనను తాను కడుక్కుంటోందని వాళ్ల ఆశ. ఆ ఆశ సగమే నిజమైంది. తరవాతి ఏళ్లలో జర్మన్, సౌదీ బృందాలు అదే తీరంలో ఇంకో ముఖం చూశాయి. బిగువైన చాప మూతలా కూచుని గాలి లోపలికి పోనివ్వలేదు, అడుగున చమురు అలాగే నిలిచింది, బొరియలు తవ్వుకోవడానికి వచ్చిన పీత పిల్లలకు చోటు దొరకలేదు. పీతలు లేకపోబట్టి చాప, చాప ఉండబట్టి పీతలు రాకపోవడం. పొర ఎండి పెచ్చులు లేచిన చోట్లే పీతలు మళ్లీ కాలు పెట్టాయి.

చేరగలిగిన నోళ్లకు ఈ చాప ఎంత తిండి పెడుతుందో కువైట్‌లోని సులైబిఖాత్ బే బురద మైదానాల్లో తేలింది. తిన్నది ఒంట్లో గుర్తు వదులుతుంది. కార్బన్‌లో బరువైన రకం, తేలిక రకం ఉంటాయి, వాటి పాళ్లు చాపలో ఒకలా, నీటిలో తేలే సూక్ష్మ మొక్కల్లో ఇంకోలా ఉంటాయి. ఆ పాళ్లను పీతల్లో, ఇతర జీవుల్లో కొలిచి 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఆ మైదానపు ఆహార గొలుసుకు చాపలు ముఖ్యమైన ఆధారం. ఎవరి కంటికీ ఆనని పొర చివరికి చేపల దాకా పోతోంది.

తిననిది ఏమవుతుంది? పూడిపోతుంది. అబూ దాబీ శివారులోని ముసఫ్ఫా అంటే తెలుగువాళ్లకు గ్యారేజీలు, వెల్డింగ్ షెడ్లు, లేబర్ క్యాంపులు. భూగర్భ శాస్త్రవేత్తలకు ముసఫ్ఫా అంటే అక్కడ తవ్విన కాలువ గోడ. దానిలో వేల ఏళ్ల కిందటి చాప ఒకటి నల్లని చారగా, పైనున్న జిప్సం, ఇసుక పొరల కింద స్పష్టంగా కనిపించేది. సముద్రం ఒకప్పుడు అక్కడిదాకా ఉండి, తరవాత వెనక్కి తగ్గింది. 2012, 2013లలో అబూ దాబీ తీరపు కార్బన్ నిల్వలను లెక్కగట్టిన బ్లూ కార్బన్ పథకంలో మడ అడవులు, సముద్రపు గడ్డి పక్కన ఈ చాపలనూ చేర్చారు. మంచి పని. పచ్చగా కనబడే మడ చెట్టుకు దొరికే గౌరవం నల్లటి బురదకు దొరకడం అరుదు.

ఇక ఒడ్డు వదిలి నీటిలోకి.

ఎమిరేట్స్‌కు రెండు సముద్రాలు. పడమటి వైపు గల్ఫ్. తూర్పు వైపు ఫుజైరా, కల్బా, దిబ్బా ఊళ్ల ముందు ఒమన్ సింధుశాఖ, దాని అవతల అరేబియా సముద్రం. లోతైన ఆ నీటిలో ఉప్పు పెద్ద అడ్డు కాదు. అక్కడ నోటికి అడ్డుపడేది పరిమాణం. 1977లో అట్లాంటిస్ 2 అనే పరిశోధక నౌక మీద జాన్ వాటర్‌బరీ అరేబియా సముద్రపు నీటిని నీలి వెలుగు కింద సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. బాక్టీరియాను లెక్కపెట్టడం అతని ఉద్దేశం. అతను వేసే రంగుతో పని లేకుండానే సన్నటి చుక్కలు నారింజ రంగులో మెరిశాయి. అవి సైనెకోకాకస్ అనే సయనోబాక్టీరియా, ఒక్కొక్కటి మైక్రాన్ అంత, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 1979లో అతని బృందం ఈ సంగతి ప్రచురించాక ప్రపంచమంతా వెతికితే వెచ్చని సముద్రాలన్నిటా ఉన్నాయి. దీని తమ్ముడు ప్రోక్లోరోకాకస్ ఇంకా చిన్నది, 1988లో గానీ దాని సంగతి ప్రచురితం కాలేదు. సముద్రంలో జరిగే కిరణజన్య సంయోగక్రియలో వీటి వాటా చాలా పెద్దది. అప్పటిదాకా సముద్రశాస్త్రం వలలో పడనిదాన్ని లేనట్టే లెక్కవేసింది.

కోపిపాడ్ల సమస్య కూడా వలదే. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఈ జీవులు సముద్రంలో కోట్లకు కోట్లు. నోటి దగ్గరి కాళ్ల మీద ఉన్న నూగును ఆడిస్తూ నీటిలోని రేణువులను పట్టుకుంటాయి. సైనెకోకాకస్ ఆ నూగు సందుల్లోంచి జారిపోతుంది. ఒకవేళ రేణువులకు అంటుకుని కడుపులోకి వెళ్లినా పెద్దగా అరగదు. 1982లో అమెరికన్ పరిశోధకులు సీబర్త్, జాన్సన్, వారితో పనిచేసిన చైనా శాస్త్రవేత్త షూ హువాయ్‌షు ఈ సంగతి రాశారు: ఒంటికణపు ప్రొటోజోవా ఈ బాక్టీరియాను తిని బాగుపడతాయి, కలనాయిడ్ కోపిపాడ్లు మాత్రం కాదు. కాబట్టి మధ్యలో దళారి ఉండాలి. బాక్టీరియాను ప్రొటోజోవా తింటుంది, ప్రొటోజోవాను కోపిపాడ్ తింటుంది. ప్రతి మెట్టు దగ్గరా చాలా భాగం ఊపిరికే ఖర్చయిపోతుంది. వెచ్చని నీలి సముద్రంలో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నా చేపలు పల్చగా ఉండటానికి ఈ దళారీ కూడా ఒక కారణం.

నోటికి పట్టే పరిమాణంలో ఉన్నా తినలేని సయనోబాక్టీరియా ఇంకొకటి ఉంది. దాని కథ పొడుగు.

1823లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త క్రిస్టియన్ ఎరెన్‌బర్గ్ సినాయి ద్వీపకల్పంలోని తోర్ రేవు దగ్గర నీరు ఎర్రబారడం చూశాడు. నీటిలో తేలుతున్న సన్నని పోగుల కట్టలను పరిశీలించి 1830లో ట్రైకోడెస్మియం అని పేరు పెట్టాడు. నావికులకు అది ముందే తెలుసు. గాలి పడిపోయిన రోజుల్లో నీటి మీద పసుపు, గోధుమ రంగు తెట్టె కడితే దాన్ని వాళ్లు సముద్రపు రంపపు పొట్టు అనేవారు. ఒక్కో పోగులో వందకు అటూ ఇటూగా కణాలు, పోగులన్నీ కలిసి కంటికి కనిపించే కట్టలు. కణాల్లో గాలి బుడగలు ఉండటంతో కట్ట పైకి తేలుతుంది. ఇది గాలిలోని నత్రజనిని పట్టగలదని 1961లో సర్గాసో సముద్రంలో రుజువైంది. ఉప్పునీటి ఎడారికి ఇది యూరియా బస్తా దింపుతోందన్నమాట.

అరేబియా సముద్రంలో దీని ఊపు ఏ స్థాయిలో ఉంటుందో 1995లో బయటపడింది. ఈశాన్య రుతుపవనం వెళ్లి నైరుతి ఇంకా రాని నెలల్లో గాలి పడిపోతుంది, నీరు కదలదు. ఆ వసంతంలో పరిశోధక నౌకకు సముద్రం నడిబొడ్డున ట్రైకోడెస్మియం తెట్టె ఎదురైంది. తరవాత డగ్లస్ కేపోన్ బృందం ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తే మే 22 నుంచి 27 మధ్య అది 20 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా, అరేబియా సముద్రపు ఉపరితలంలో అయిదో వంతు మేర, పరుచుకుందని తేలింది. భారతదేశ విస్తీర్ణంలో సగానికి పైగా! ఆ రోజుల్లో గాలిలో ఇనుము కూడా ఎక్కువగానే ఉందని వాళ్లు నమోదు చేశారు. నత్రజనిని పట్టే యంత్రాంగానికి ఇనుము తప్పనిసరి. నడిసముద్రంలో ఇనుము దొరకదు, చుట్టూ ఉన్న ఎడారుల ధూళే దిక్కు. షమాల్ గాలి రేగి దుబాయ్ మేడలు కనబడకుండా పోయే రోజును జనం తిట్టుకుంటారు గానీ, అలాంటి దుమ్ము ఈ పోగుల పాలిట వరం. ఎర్రసముద్రపు ఉత్తర కొసన అకాబా సింధుశాఖలో చేసిన పరిశోధనను 2011లో ప్రచురించారు. ట్రైకోడెస్మియం కట్టలు తమ మీద పడిన ధూళి రేణువులను అంచు నుంచి నడుమకు చేరవేసుకుని అక్కడ కరిగించుకుంటాయట. మెదడు లేని పోగులు ఆ పని చేస్తున్నాయంటే నమ్మడానికి కొంచెం సమయం పడుతుంది.

ఇంత తిండి తేలుతుంటే మామూలు కోపిపాడ్లు పక్కకు తప్పుకుంటాయి. ఒక కారణం పోగుల ఆకారం, ఇంకొకటి విషం. 1992లో ప్రచురితమైన పరీక్షల్లో ట్రైకోడెస్మియంలోని ఒక జాతి కొన్ని కోపిపాడ్లను చంపింది. చావనిది మాక్రోసెటెల్లా గ్రాసిలిస్.

నడిసముద్రంలో దీన్ని గుర్తుపట్టడం తేలిక. పొడవు మిల్లీమీటరున్నర లోపు, సన్నటి ఒళ్లు, వెనక ఒంటి పొడవున సాగిన రెండు తోక వెంట్రుకలు. దీని చుట్టాలు హార్పాక్టికాయిడ్లు చాలా మటుకు అడుగు బురదలో పాకే జాతులు. అడుగు కిలోమీటర్ల లోతున ఉన్న చోట ఇది పైన ఎలా బతుకుతోంది? పాకడానికి వేరే నేల వెతుక్కుంది. దీని పిల్లలకు, నాప్లియస్ దశలో, ఈతకు పనికొచ్చే నూగు ఉండదు. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరక్కపోతే మునిగిపోవాల్సిందే. అవి ట్రైకోడెస్మియం పోగును పట్టుకుని, దాని మీదే పాకుతూ, దాన్నే కొరుక్కు తింటూ పెరుగుతాయని 1965లో బ్యోర్న్‌బర్గ్ రాసింది. పాకే నేలా, అన్నమూ, తేలే తెప్పా అన్నీ ఆ పోగే. 1978లో మైకేల్ రోమన్ వీటి ఆకలిని కొలిస్తే, పెరిగిన మాక్రోసెటెల్లా రోజుకు తన ఒంట్లో ఉన్న కార్బన్‌కు దాదాపు సమానమైనంత కార్బన్‌ను ట్రైకోడెస్మియం నుంచి తింటోందని తేలింది.

1990లలో జుడిత్ ఓనీల్ బరువైన నత్రజనిని గుర్తుగా వాడి దాని ప్రయాణాన్ని వెంబడించింది. నీటిలో కరిగిన వాయువుగా ఉన్న నత్రజని ముందు పోగులోకి, తరవాత కోపిపాడ్ కడుపులోకి, అక్కణ్నుంచి అమోనియంగా మళ్లీ నీటిలోకి వచ్చింది. ఆ అమోనియం ఇతర సూక్ష్మ మొక్కలకు ఎరువు. వేరే కోపిపాడ్లు ముట్టని సంపదను ఈ ఒక్క జీవి కొరికి చిల్లర చేసి పంచుతోంది. తెట్టె మొత్తాన్ని తినేసే శక్తి దీనికి లేదు, అది వేరే సంగతి. మిగిలింది చచ్చి, కుళ్లి, ఒడ్డుకు కొట్టుకొస్తే దుర్వాసన. ఇలాంటి తెట్టెలంటే ఎమిరేట్స్ అధికారులకు బెంగ ఉండటం సహజం. 2008, 2009లలో ఫుజైరా వైపు మొదలైన ఎర్రనీరు నెలల తరబడి ఉండి, చేపలను చంపి, తాగునీరు తయారుచేసే డీశాలినేషన్ ప్లాంట్లను మూయించింది. దానికి కారణం సయనోబాక్టీరియా కాదు, కోక్లోడినియం అనే వేరే జీవి. కానీ తాగే నీటికి ఎక్కువగా సముద్రం మీదే ఆధారపడే దేశానికి నీటి రంగు మారడం ఏదైనా ఒకటే.

ఇప్పటిదాకా విషం నోటికి అడ్డుగానే కనిపించింది. పాపువా న్యూ గినీ పగడపు దిబ్బల మీద సాంటియా అనే ఐసోపాడ్‌కు అదే ఆయుధం. కొద్ది మిల్లీమీటర్ల ఈ జీవి చేపల మధ్య, పట్టపగలు, ఎరుపు రంగుతో దాక్కోకుండా కూచుంటుంది. నీల్స్ లిండ్‌క్విస్ట్ బృందం 2005లో దాని గుట్టు విప్పింది. ఒళ్లంతా సైనెకోకాకస్ పోలికలున్న సయనోబాక్టీరియా దట్టంగా పెరుగుతోంది. చేప నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. ఆ పంటకు ఎండ కావాలి కాబట్టే జీవి ఎండలో కూచుంటుంది. ఆకలేస్తే తన ఒంటి మీది పంటనే గీరి తింటుంది. నోరు తిండిని వెతుక్కోవడం కాక తిండిని ఒంటి మీదికే తెచ్చుకున్న ఉదాహరణ ఇది.

అబూ దాబీకి తిరిగి వస్తే, నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో అల్ వత్బా ఉంది. చుట్టూ ఇసుక, మధ్యలో ఉప్పునీటి పల్లం. 1980ల నుంచి శుద్ధి చేసిన మురుగునీరు మిగిలినదంతా అటు మళ్లి, చౌడు నేల ఉప్పుతో కలిసి చెరువైంది. 1998లో అక్కడ ఫ్లెమింగోలు గుడ్లు పెట్టి పిల్లల్ని లేపాయి. అప్పటి దేశాధ్యక్షుడు షేక్ జాయెద్ ఆదేశంతో ఆ ఏడే అది రక్షిత ప్రాంతమైంది, 2013లో చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది. శీతకాలంలో వేల ఫ్లెమింగోలు దిగుతాయి. వాటిని రప్పిస్తున్నది ఉప్పు రొయ్య, ఆర్టీమియా.

ఆర్టీమియా సెంటీమీటరు పొడవుంటుంది, వెల్లకిలా ఈదుతుంది, పదకొండు జతల కాళ్లు ఆగకుండా ఆడిస్తూ నీటిని వడగడుతుంది. మైక్రాన్ మొదలు యాభై మైక్రాన్ల దాకా ఏ రేణువైనా దానికి ఒకటే. సముద్రపు కోపిపాడ్ నూగులోంచి జారిపోయేంత చిన్న సయనోబాక్టీరియాను కూడా ఇది లోపలికి లాగేస్తుంది. తప్పించుకోవడం మాత్రం చేతకాదు. చేప ఉన్న నీటిలో వారం నిలవదు. అందుకే చేప బతకలేనంత ఉప్పులోకి, కిలోకు వంద గ్రాములు దాటిన నీటిలోకి వెళ్లి కాపురం పెట్టింది. తీరం మీద పీతను వెళ్లగొట్టిన ఉప్పే ఇక్కడ ఈ పీత చుట్టాన్ని కాపాడుతోంది. తిన్న నాచులోని, సయనోబాక్టీరియాలోని బీటా కెరోటిన్‌ను ఆర్టీమియా తన ఒంట్లో కాంథాజాంథిన్‌గా మార్చుకుని గులాబీ రంగు తేలుతుంది. ఆర్టీమియాను తిన్న ఫ్లెమింగో ఈకలకు ఆ రంగే ఎక్కుతుంది.

ఒక చిక్కు ఉంది. అల్ వత్బాలో ఉన్నది అరేబియా జాతి కాదు. 2019లో వచ్చిన జన్యు పరిశీలన ప్రకారం అది అమెరికా ఖండానికి చెందిన ఆర్టీమియా ఫ్రాన్సిస్కానా. విశాఖ నుంచి నెల్లూరు దాకా రొయ్య హేచరీల్లో పనిచేసే వాళ్లకు ఈ జీవితో పరిచయం ఉంటుంది. డబ్బాల్లో వచ్చే ఎండు గుడ్లను ఉప్పునీటిలో వేసి, గాలి కొట్టి, ఒక రోజులో పిల్లలు లేవగానే వనామి పిల్లలకు మేపుతారు. ప్రపంచ మార్కెట్లో తిరిగే ఆ గుడ్లకు పెద్ద వనరు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్. హేచరీల నుంచి, ఉప్పు మళ్ల నుంచి, పక్షుల కాళ్లకు అంటుకుని ఈ జాతి మధ్యధరా తీరాల్లో, ఆసియాలో పాతుకుపోయి, చాలా చోట్ల స్థానిక ఆర్టీమియాను తరిమేసింది. కాబట్టి అల్ వత్బా ఫ్లెమింగోలను పోషిస్తున్నది ఒక చొరబాటుదారు. దాన్ని తీసేయాలని ఎవరూ అనరు.

ఉప్పు పండించేవాళ్లు ఆర్టీమియాను వేరే కారణానికి కోరుకుంటారు. మడిలో నాచు దట్టమైతే ఉప్పునీరు మురికిగా మారి ఉప్పు నాణ్యత పడిపోతుంది. ఆర్టీమియా ఉంటే నీరు తేటపడుతుంది, గింజ బాగా కడుతుంది. అయితే ఉప్పు ఇంకా పెరిగే మళ్లలో అఫనోథీస్ అనే సయనోబాక్టీరియా కాచుకుని ఉంటుంది. పోషకాలు అటూ ఇటూ అయితే అది ఒంటి చుట్టూ జిగురు కక్కుతుంది. నీరు సాగుతుంది, ఉప్పు గింజలు చిన్నవై, మెత్తబడి, కడిగినా శుభ్రపడవు. ఆ జిగురు ముద్దలు వడకట్టే కాళ్లకు చిక్కుకుంటాయి, ఆర్టీమియా వాటిని మింగలేదు. కిలోకు 250 గ్రాములు దాటాక ఆర్టీమియా కూడా నిలవడం కష్టం. అక్కడి నుంచి ఉప్పు గడ్డకట్టే దాకా ఆ నీటిలో క్రస్టేషియన్ ఏదీ తిరగదు.